విషం వదిలింది... నేల మిగిలిందా?

ఏ మండల కేంద్రంలోనైనా ఎరువుల దుకాణంలోకి తొంగి చూడండి. వేరుసెనగ ఆకు పాలిపోతే పిచికారీ చేయడానికి అన్నభేది, దాంతో కలపడానికి నిమ్మ ఉప్పు, వరిలో జింకు లోపానికి చీలేటెడ్ జింకు, కారుచౌడుకు జిప్సం, పులుపెక్కిన నేలకు సున్నం అన్నీ ఒకే కప్పు కింద దొరుకుతాయి. పరిశ్రమల విషంతో పాడైన నేలను బాగుచేయడానికి దేశదేశాల ఇంజినీర్లు వాడుతున్న సరుకులోనూ వీటికే పెద్దపీట. క్రోమియం విషాన్ని అణచడానికి అన్నభేది. లోహాలను కరిగించి లాగడానికి నిమ్మ ఉప్పు. సీసాన్ని మట్టిలోంచి ఊడబెరకడానికి ఈడీటీఏ. చీలేటెడ్ జింకు ప్యాకెట్లో జింకును పట్టుకొని ఉండేది ఇదే.

తేడా అంతా మోతాదులోనే ఉంది. రైతు లీటరు నీటికి 5 గ్రాములు కలిపి ఆకు మీద కొట్టే మందు, అక్కడ టన్నుల లెక్కన మట్టిలోకి దిగుతుంది. అంత మోతాదులో దిగిన మందు విషాన్ని ఒక్కదాన్నే ఏరుకుని పోదు. మట్టిలోని సున్నాన్ని కరిగిస్తుంది. మెగ్నీషియాన్ని, పొటాష్‌ను ఊడ్చుకెళ్తుంది. రేణువుల్ని కలిపి ఉంచే జిగురును తినేస్తుంది. సూక్ష్మజీవుల్ని చంపుతుంది. పని అయ్యాక ల్యాబు వాళ్లొచ్చి నమూనా తీసి ‘సీసం పరిమితిలోనే ఉంది’ అని రాసిచ్చి వెళ్తారు. ఆ కాగితంలో అబద్ధం ఉండదు. కానీ ఆ మట్టిలో విత్తనం వేస్తే మొలుస్తుందా, వాన కురిస్తే నీరు ఇంకుతుందా అన్న సంగతి కూడా అందులో ఉండదు.

కలుషిత నేలల శుద్ధికి మన దేశంలో ఇప్పుడిప్పుడే ఒక చట్టబద్ధమైన దారి ఏర్పడుతోంది. కాంట్రాక్టులు, యంత్రాలు, రసాయనాల ట్యాంకర్లు ఆ తర్వాత వస్తాయి. అవి పొలం గట్టు మీదికి రాకముందే తెలుసుకోవాల్సిన విషయాలు కొన్ని ఉన్నాయి.

సీట్ల కోసం తోపులాట

మట్టిలో విషం ఎక్కడ ఉంటుందో తెలిస్తే దాన్ని తీయడం ఎందుకంత కష్టమో అర్థమవుతుంది. ఇసుక రేణువు పెద్దది, నున్నటిది. దానికి ఏదీ పెద్దగా అంటుకోదు. అసలు వ్యవహారమంతా బంకమట్టి రేణువుల దగ్గర, కుళ్లి నల్లబడిన సేంద్రియ పదార్థం దగ్గర నడుస్తుంది. బంకమట్టి రేణువు మీద రుణ విద్యుదావేశం ఉంటుంది. కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం లాంటి ధన అయాన్లు వచ్చి దానికి అతుక్కుంటాయి. పల్లెవెలుగు బస్సులో సీట్ల లాంటి ఏర్పాటిది. ఒకరు దిగితేనే మరొకరికి చోటు. వేరు పొటాషియాన్ని తీసుకోవాలంటే బదులుగా ఒక హైడ్రోజన్ అయాన్‌ను ఎక్కించాలి. ఫ్యాక్టరీ మురుగుతో వచ్చిన సీసం, కాడ్మియం, నికెల్ కూడా ఈ సీట్లలోనే చేరతాయి. కొన్ని పైపైన కూర్చుంటాయి, కొన్ని ఇనుప ఆక్సైడ్ల పొరల్లోకి, సేంద్రియ పదార్థంలోకి దూరి తలుపులు వేసుకుంటాయి.

ఇప్పుడు ఆ మట్టి మీద ఆమ్లం పోశారనుకోండి. కోట్లకొద్దీ హైడ్రోజన్ అయాన్లు ఒక్కసారిగా ఎక్కుతాయి. కాడ్మియం దిగుతుంది, నిజమే. దాంతోపాటు కాల్షియం దిగుతుంది, మెగ్నీషియం దిగుతుంది, పొటాషియం దిగుతుంది. నేలలో కాడ్మియం కిలోకు ఒకటి రెండు మిల్లీగ్రాములు ఉంటే, కాల్షియం వేల మిల్లీగ్రాములు ఉంటుంది. ఆ ఒకటి రెండు మిల్లీగ్రాముల కోసం మొత్తం ఖాళీ చేయించాల్సి వస్తోందన్న మాట. పీహెచ్ 5 కంటే కిందికి పడితే ఇంకో ముప్పు: బంకమట్టి నిర్మాణంలోనే ఉన్న అల్యూమినియం కరిగి బయటికొచ్చి వేళ్ల కొసల్ని మాడ్చేస్తుంది.

కాల్షియం పోవడం వల్ల జరిగే నష్టం పోషకాల లెక్కతో ఆగదు. మట్టి గుల్లగా, రవ్వరవ్వగా ఉండేలా చూసేది కూడా అదే. దీన్ని ఎవరైనా ఇంట్లోనే చూడొచ్చు. ఎండిన మట్టి పెళ్లను చిన్న ఉసిరికాయంత తీసుకుని, గాజు గ్లాసులో వాననీరు పోసి, కదపకుండా అందులోకి జారవిడవాలి. ఆరోగ్యంగా ఉన్న మట్టయితే బుడగలు వదులుతూ చిన్న చిన్న రవ్వలుగా విడిపోతుంది, చుట్టూ నీరు మాత్రం తేటగానే ఉంటుంది. కాల్షియం పోయి సోడియం చేరిన మట్టయితే కాసేపటికే పెళ్ల చుట్టూ పాలలాంటి మబ్బు కమ్ముతుంది. గంటలు గడిచినా ఆ మబ్బు కిందికి దిగదు. పొలంలో ఇదే జరిగితే ఆ సన్నని బంక రంధ్రాల్లోకి దిగి వాటిని మూసేస్తుంది. పైన నీరు నిలుస్తుంది, ఎండితే పెచ్చు కడుతుంది, మొలక ఆ పెచ్చును చీల్చుకు రాలేదు. ఆస్ట్రేలియాకు చెందిన మృత్తికా శాస్త్రవేత్త ఎమర్సన్ 1967లో ఈ గ్లాసు పరీక్షను ఒక పద్ధతిగా రాసిపెట్టారు. ఇప్పటికీ అంతకంటే చవకైన పరీక్ష లేదు.

కారుచౌడును మన రైతులు జిప్సంతో బాగుచేసేది సరిగ్గా దీనికి ఎదురు దిశలో. అక్కడ సోడియాన్ని దించి కాల్షియాన్ని ఎక్కిస్తారు. అదీ రసాయన చికిత్సే. కానీ అది నేలకు గుణం తిరిగిచ్చే చికిత్స. అందుకే ‘రసాయనం’ అనగానే భయపడనక్కర్లేదు. ఏ సీటు ఖాళీ చేయిస్తోంది, అందులో ఎవర్ని కూర్చోబెడుతోంది అన్నదే చూడాలి.

జింజు లోయ వరి మళ్లు

సాగునేలను శుభ్రం చేయడంలో చేతికి బాగా మట్టి అంటించుకున్న దేశం జపాన్. వాళ్ల కథ వరి మళ్లలో మొదలైంది కాబట్టి మనకు మరీ దగ్గరగా అనిపిస్తుంది.

తొయామా ప్రాంతంలో పారే జింజు నదికి ఎగువన కమియోకా గని ఉండేది. మిత్సుయి కంపెనీ అక్కడ జింకు, సీసం తీసేది. జింకు ఖనిజంలో కాడ్మియం కలిసే ఉంటుంది. గని మురుగు నదిలోకి, నది నీరు కాలువల్లోకి, కాలువ నీరు మళ్లలోకి, మళ్లలోంచి బియ్యంలోకి. దశాబ్దాల పాటు ఆ బియ్యం తిన్నవాళ్లకు, ముఖ్యంగా నడివయసు దాటిన తల్లులకు, మూత్రపిండాలు పాడై ఎముకలు మెత్తబడ్డాయి. దగ్గితే పక్కటెముక విరిగేంత దుస్థితి. ఇతాయ్-ఇతాయ్ పేరుతో ప్రపంచానికి తెలిసిన జబ్బు ఇదే. నొబొరు హగినో అనే స్థానిక డాక్టరు గనిని వేలెత్తి చూపించారు. 1968లో ప్రభుత్వం కాలుష్యమే కారణమని ఒప్పుకుంది. 1970లో సాగునేలల కాలుష్యంపై ప్రత్యేక చట్టం తెచ్చింది.

జింజు లోయలో ఎంచుకున్న పద్ధతి మొరటుదే కానీ తిరుగులేనిది. పై మట్టిని తీసి లోతుగా పూడ్చి, పైన కొండల నుంచి తెచ్చిన కొత్త మట్టి పరిచారు. 1979 నుంచి 2012 దాకా 33 ఏళ్లు పట్టింది. 863 హెక్టార్లు బాగుచేయడానికి 4,070 కోట్ల యెన్‌లు ఖర్చయ్యాయి. కొండ మట్టి శుభ్రమైనదే, కానీ అందులో సేంద్రియ పదార్థం తక్కువ. వరి మడిగా అది కుదురుకోవాలంటే సారం పోయాల్సిందే.

ప్రతి కలుషిత పొలానికీ ఒక కొండను తవ్విపోయలేరు కదా. అందుకని 2000 తర్వాత సుకుబాలోని జాతీయ వ్యవసాయ పర్యావరణ సంస్థలో తొమొయుకి మకినో బృందం మట్టిని ఉన్నచోటే కడిగే దారి వెతికింది. ఆమ్లాలు, చీలేట్లు, రకరకాల లవణాలు వరసపెట్టి పరీక్షించి చివరికి ఫెర్రిక్ క్లోరైడ్ దగ్గర ఆగారు. ఎందుకంటే అది నీటిలో పడగానే ఇనుము తుప్పుగా పేరుకుని, దాంతోపాటు ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం కాడ్మియాన్ని వదులు చేస్తుంది. మిగిలిన క్లోరైడ్ ఆ కాడ్మియాన్ని పట్టుకుని మళ్లీ మట్టికి అంటుకోకుండా నీటిలోనే ఉంచుతుంది. వెనక మిగిలే ఇనుము నేలకు కొత్తదేమీ కాదు.

పొలంలో ఆ పని ఎలా సాగుతుందో చూస్తే మన దమ్ము చేయడం గుర్తొస్తుంది. ముందు మడి నుంచి చుక్క నీరు బయటికి పోకుండా చుట్టూ కట్టుదిట్టం చేస్తారు. నీరు పెట్టి, ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం వదిలి, మట్టి చిక్కటి బురద అయ్యేదాకా యంత్రంతో కలుపుతారు. తర్వాత వదిలేస్తారు. బురద అడుక్కి చేరి పైన తేట నిలుస్తుంది. కాడ్మియం ఇప్పుడు ఆ తేటలో ఉంటుంది. దాన్ని పంపుతో తోడి పక్కనే బిగించిన శుద్ధి యంత్రంలోకి పంపి అక్కడ కాడ్మియాన్ని పట్టేస్తారు. మడిలో మళ్లీ మంచినీళ్లు, మళ్లీ కలపడం, మళ్లీ తోడడం. క్లోరైడ్ వరికి హాని చేయని స్థాయికి తగ్గేదాకా ఈ జాడింపు సాగుతూనే ఉంటుంది.

మట్టిలో వేరుకు అందే కాడ్మియం సగానికి పైగా తగ్గింది. గింజలోనూ బాగా తగ్గింది. ఆ తర్వాత వాళ్లు చేసిన పనే నన్ను ఆకట్టుకున్నది. కడిగిన మడిలో పీహెచ్ ఎంత పడిందో చూశారు. మెగ్నీషియం, పొటాషియం, కాల్షియం ఎంతెంత పోయాయో కొలిచారు. సున్నం వేసి పులుపు విరిచారు, పోయిన పోషకాలు పోసి పూడ్చారు. అప్పుడు నాటు వేసి దిగుబడి తూచారు. దిగుబడి చెప్పుకోదగ్గంత తగ్గలేదు. అంటే కడగడం ఒక పని, కడిగిన తర్వాత నేలకు పథ్యం పెట్టడం ఇంకో పని అని వాళ్లు అనుకోలేదు. రెండూ కలిపితేనే ఒక పని.

డబ్బు లేని రైతుకు జపాన్ ఇంకో ఉపాయం కూడా నేర్పింది. మడిలో నీరు నిండుగా ఉన్నంత కాలం, గాలి ఆడక, కాడ్మియం గంధకంతో కలిసి కరగని పదార్థంగా ఉండిపోతుంది. కోతకు ముందు నీరు తీసి ఆరబెడితే గాలి సోకి మళ్లీ కరిగి వేరుకు అందుతుంది. అందుకే ఈనికకు ముందూ తర్వాతా మూడేసి వారాలు మడిలో నీరు తగ్గకుండా చూడమని అక్కడి వ్యవసాయ శాఖ చెబుతుంది. చిక్కేమిటంటే నేలలో ఆర్సెనిక్ ఉంటే ఇదే నీరు దాన్ని కరిగించి గింజలోకి ఎక్కిస్తుంది. ఒక విషానికి తాళం వేసే చెయ్యే ఇంకో విషానికి తాళం తీస్తుంది. కాబట్టి ముందు మట్టిలో ఏమేం ఉన్నాయో తెలియాలి.

ఈడీటీఏ మంచీ చెడూ

సీసం సంగతి వేరు. అది కాడ్మియంలా తేలిగ్గా దిగదు. స్లొవేనియా దేశంలో మెజిత్సా లోయలో 3 శతాబ్దాలకు పైగా సీసం, జింకు తవ్వి కరిగించారు. గని 1994లో మూతపడింది. పెరటి మట్టిలో, వీధి దుమ్ములో సీసం మాత్రం ఉండిపోయింది. ఆ మట్టిలో ఆడుకునే పిల్లల రక్తంలోకి చేరింది. లుబ్లియానా విశ్వవిద్యాలయంలో డోమెన్ లెష్తాన్ బృందం ఆ మట్టిని ఈడీటీఏతో కడిగే పద్ధతి మీద ఏళ్ల తరబడి పనిచేసి, ప్రెవాలియె అనే చిన్న పట్టణంలో ఒక ప్రయోగాత్మక ప్లాంటు నడిపింది.

ఈడీటీఏ అణువు లోహ అయాన్‌ను చుట్టూ ఆరు వైపుల నుంచి పట్టుకోగలదు. సీసం విషం ఎక్కిన రోగులకు వైద్యులు ఇచ్చే మందుల్లోనూ ఇది ఉంది. మట్టిలో దీని బలమే దీని బలహీనత. పోయడం తేలిక, వెనక్కి తీసుకోవడం కష్టం. సూక్ష్మజీవులు దీన్ని తొందరగా అరిగించుకోలేవు. నేలలో మిగిలిపోతే నెలల తరబడి ఏదో ఒక లోహాన్ని పట్టుకుని నీటితో పాటు కిందికి దిగుతూనే ఉంటుంది. 1990ల్లో కొందరు పరిశోధకులు ఆవ మొక్కలు వేసి, మట్టిలో ఈడీటీఏ పోసి, సీసాన్ని మొక్కతో లాగించాలని చూశారు. మొక్కలోకి సీసం బాగానే ఎక్కింది. మొక్క తాగగలిగినదానికంటే కరిగిన సీసమే ఎక్కువ కావడంతో మిగతాది భూగర్భ జలాల వైపు జారింది. ఎంతో ఆశ పెట్టుకున్న ఆ దారిని చాలామంది వదిలేయాల్సి వచ్చింది.

స్లొవేనియా పద్ధతిలో మెచ్చుకోదగ్గది ఈడీటీఏ నేలలో మిగిలిపోయే ఈ తోకను కత్తిరించడమే. కడిగిన నీటిలో సున్నం వేసి పీహెచ్ పెంచి సీసాన్ని విడగొడతారు. ఆమ్లం వేసి ఈడీటీఏను తిరిగి రాబడతారు. మళ్లీ అదే వాడతారు, ఆ నీళ్లే తిప్పుతారు. మట్టిలో ఇంకా అంటుకొని ఉన్న కాస్త లోహం కదలకుండా ఇనుప పొడి కలుపుతారు.

ఇంతా చేశాక చేతికొచ్చే మట్టి ఎలా ఉంటుంది? నీరంతా ప్రెస్సులో పిండేసిన బురద బిళ్లలా ఉంటుంది. సీసంతో పాటు మాంగనీసు, జింకు, రాగి కూడా పోయి ఉంటాయి. ఈడీటీఏ మనిషికి కావాల్సిన లోహం ఏదో, అక్కర్లేనిది ఏదో ఎంచి చూడదు. దుకాణంలో జింకును మోసుకొచ్చి వరికి ఇచ్చిన అదే అణువు ఇక్కడ జింకును పట్టుకుపోయింది. రవ్వరవ్వగా ఉండే కట్టు చెదిరిపోయి ఉంటుంది. మట్టిలో జీవక్రియ ఎంత ఉందో చెప్పే ఎంజైముల పని పడిపోయి ఉంటుంది. అందుకే అక్కడి శాస్త్రవేత్తలు కడగడంతో ఆగలేదు. కంపోస్టు కలిపారు, ఎరువులు వేశారు, మళ్లు కట్టి కూరగాయలు పెంచారు, వానపాముల్ని వదిలి ఆ మట్టిలో అవెలా మసలుతున్నాయో చూశారు. నేల తిరిగి నేల కావడానికి పట్టేది ఒక షిఫ్టు కాదు, పంట తర్వాత పంట.

కాల్చే మందులు, ఉబ్బే నేలలు

లోహాలు కాకుండా పెట్రోలు, ద్రావకాలు, పురుగుమందులు లాంటి సేంద్రియ విషాలైతే లాగే పనిలేదు, అక్కడికక్కడే కాల్చేయొచ్చు. హెన్రీ ఫెంటన్ అనే ఇంగ్లిష్ రసాయన శాస్త్రవేత్త 1894లో ఒక సంగతి ప్రచురించారు. హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో కాస్త అన్నభేది లాంటి ఇనుప లవణం కలిపితే దాని కాల్చే శక్తి విపరీతంగా పెరుగుతుంది. వందేళ్ల తర్వాత అదే చర్యను నేలలోకి ఎక్కించి లీకైన పెట్రోలు ట్యాంకుల కింద మట్టిని శుభ్రం చేస్తున్నారు. ఊరి బావుల్లో వేసే పొటాషియం పర్మాంగనేటును కూడా ఇందుకు వాడతారు.

ఈ మందుకు డీజిల్‌కూ, పశువుల ఎరువు మాగి తయారైన నల్లటి సేంద్రియ పదార్థానికీ తేడా తెలియదు. రెంటినీ కాలుస్తుంది. నేలలో సేంద్రియ పదార్థం ఎక్కువుంటే మందులో అధిక భాగం దానికే ఖర్చవుతుంది. మన ఎర్ర చెలకల్లో సేంద్రియ కర్బనం అర శాతం దాటడమే గగనం. తరాల తరబడి పేడ, ఆకు వేసి కూడబెట్టిన ఆ కాస్తా కొన్ని గంటల్లో బొగ్గుపులుసు వాయువై ఎగిరిపోతుంది. పర్మాంగనేటు వాడితే ఇంకో గండం. అది మిగిల్చే మాంగనీసు ఆక్సైడు రంధ్రాలను పూడ్చొచ్చు. నేలలో హాని చేయకుండా పడి ఉన్న మూడు వేలెన్సీ క్రోమియం ఉంటే, దాన్ని కేన్సర్ కారకమైన ఆరు వేలెన్సీ క్రోమియంగా మార్చేయొచ్చు. పెట్రోలు పోయిందని సంతోషించే లోపు క్రోమియం లేస్తుంది.

క్రోమియం పేరెత్తితే చిత్తూరు జిల్లా సరిహద్దుకు ఆవలే ఉన్న రాణిపేట గుర్తుకు రావాల్సిందే. తోళ్ల శుద్ధికి కావాల్సిన క్రోమియం లవణాలు చేసిన తమిళనాడు క్రోమేట్స్ అండ్ కెమికల్స్ ఫ్యాక్టరీ 1990ల్లో మూతపడింది. లక్షన్నర టన్నులకు మించిన వ్యర్థం గుట్టగా మిగిలిపోయింది. వాన పడితే పసుపుపచ్చటి నీరు ఊరే గుట్ట అది. పాలారు పక్కనే. పుస్తకం ప్రకారం దీనికి మందు అన్నభేది: అందులోని ఇనుము ఆరు వేలెన్సీ క్రోమియాన్ని మూడుకు దింపుతుంది, అది కరగని ముద్దగా పడిపోతుంది. వినడానికి ఇంతే.

కానీ సున్నం వేసి క్రోమియం తీసిన ఖనిజ వ్యర్థంలో పీహెచ్ 12 దరిదాపుల్లో ఉంటుంది. అమెరికాలో న్యూజెర్సీ, మేరీల్యాండ్ తీరాల్లో ఇలాంటి వ్యర్థంతో పల్లపు నేలలు మెరక చేశారు. అంత క్షారంలోకి అన్నభేది లాంటి సల్ఫేటు పోస్తే, సల్ఫేటు అక్కడి కాల్షియం, అల్యూమినియంతో కలిసి ఎట్రింగైట్ అనే ఖనిజంగా మారుతుంది. సూదుల్లాంటి ఈ స్ఫటికాలు నీటిని లోపల కట్టేసుకుని పెరుగుతాయి. నేల ఉబ్బుతుంది. పైన వేసిన పొర పగులుతుంది, పగులులోంచి నీరు దిగుతుంది, మళ్లీ క్రోమియం కరుగుతుంది. ప్రయోగశాలలో గెలిచిన మందు గుట్ట లోపలి క్షారం ముందు ఎలా తడబడుతుందో చెప్పడానికి దీన్ని మించిన పాఠం నాకు తెలియదు.

విషాన్ని తీయకుండా నేలలోనే కట్టిపడేసే దారి ఒకటుంది. ఖర్చు తక్కువ. కాలిఫోర్నియాలోని ఓక్‌లాండ్ నగరంలో సౌత్ ప్రెస్కాట్ అనే పేటలో పెరటి మట్టినిండా సీసం ఉంటే, 2011లో అమెరికా పర్యావరణ సంస్థ ఇళ్ల పెరళ్లలో చేప ఎముకల పొడి కలిపింది. ఎముకలోని ఫాస్ఫేటు సీసంతో కలిసి కడుపులోకి పోయినా పెద్దగా కరగని రాయిగా మారుతుంది. నేల గుణానికి దెబ్బ తగలదు, పైగా భాస్వరం అందుతుంది. అదే నేలలో ఆర్సెనిక్ ఉంటే మాత్రం ఫాస్ఫేటు దాని సీటు లాక్కుని దాన్ని బయటికి నెడుతుంది.

పటాన్‌చెరు మట్టి ఏం చెబుతోంది

ఇదంతా మన నేలకు అన్వయిస్తే ఏమవుతుంది? హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడల నుంచి దశాబ్దాల పాటు వ్యర్థాలు నక్కవాగులో పడ్డాయి. నక్కవాగు మంజీరలో కలుస్తుంది. డాక్టర్ అల్లాని కిషన్‌రావు లాంటివాళ్లు ఊరూరా తిరిగి పోరాడారు. 1990లోనే కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఇక్కడి మట్టిలో భార లోహాలపై 2001లో అధ్యయనం ప్రచురించారు. 2007లో స్వీడన్ పరిశోధకుడు జోకిమ్ లార్సన్ బృందం, ఇక్కడి ఉమ్మడి శుద్ధి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేల్చింది. మందు బిళ్ల మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. తర్వాతి అధ్యయనాల్లో ఆ కుటుంబపు యాంటీబయాటిక్‌లు ఇక్కడి మట్టిలోనూ కనిపించాయి.

ఇదే పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది. దాని ఆవరణలో నల్లరేగడి, ఎర్ర చెలక రెండూ ఉన్నాయి. మెట్ట పంటల కోసం దశాబ్దాలుగా చదివిన మట్టి అది. కాబట్టి ఈ నేల స్వభావానికి ఏ చికిత్స పడుతుందో, ఏది పడదో చాలా వరకు ముందే చెప్పొచ్చు.

రేగడిలో సగానికి సగం బంకమట్టే. ఐరోపాలో మట్టిని కడిగే ప్లాంట్లు నడిచేది ప్రధానంగా ఇసుక నేలల మీద. ఇసుకను వేరు చేసి కడిగి, విషం పట్టిన సన్నని బంకను పక్కన పెడతారు. ఆ బంక మూడో వంతు దాటితేనే గిట్టుబాటు కష్టం. రేగడిని అలా కడగబోతే పక్కన పెట్టాల్సింది పొలంలో సగం. ఇంకో సంగతి, రేగడిలో సున్నపు రవ్వలు ఉంటాయి, పీహెచ్ 8 దాకా ఉంటుంది. ఆమ్లం పోస్తే మొదట ఆ సున్నమే దాన్ని తాగేస్తుంది. నిజానికి సీసం, కాడ్మియం లాంటి లోహాలు ఇన్నాళ్లూ గింజల్లోకి మరింత ఎక్కకుండా ఆపినవాటిలో ఆ సున్నమూ ఆ బంకా ముందుంటాయి. వాటిని కరిగించి లోహాన్ని లాగడమంటే కాపలాదారుని కొట్టి దొంగను వెతకడమే. ఆర్సెనిక్, ఆరు వేలెన్సీ క్రోమియం సంగతి మాత్రం వేరు, క్షార నేలలో అవి తేలిగ్గా కదులుతాయి. వాటికి ఇనుప లవణాలు ఆలోచించొచ్చు. ఎర్ర చెలక కడగడానికి లొంగుతుంది. కానీ దానికి సీట్లే తక్కువ, ఉన్న కాస్త సారం కొట్టుకుపోతే కోలుకునే శక్తి రేగడికి ఉన్నంత ఉండదు. ఒకే వాగు ఒడ్డున రెండు పొలాలకు రెండు రకాల చికిత్స కావాల్సి రావొచ్చు. మొత్తం ప్రాంతానికి ఒకే టెండరు పిలిస్తే ఈ తేడాలన్నీ అందులో చదును అయిపోతాయి.

కేంద్ర పర్యావరణ శాఖ 2025 జులైలో కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలు ప్రకటించింది. అనుమానం ఉన్న స్థలాల జాబితా జిల్లా యంత్రాంగం ఇవ్వాలి, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి గడువులోగా పరీక్షించాలి, శుద్ధి ఖర్చు కలుషితం చేసినవాళ్లే భరించాలి. ఇవి రావడం మంచిది, చాలా ఆలస్యంగా వచ్చాయి. అప్పటికే దేశంలో 103 కలుషిత స్థలాలను గుర్తించారు. శుద్ధి మొదలైంది మాత్రం ఏడింటిలోనే.

నా దిగులు ఆ శుద్ధి ముగిసే రోజు గురించి. మన దగ్గర మట్టికి రెండు రకాల కాగితాలు ఉన్నాయి. ఒకటి 2015లో వచ్చిన భూసార ఆరోగ్య కార్డు. అందులో 12 అంశాలు: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, పీహెచ్, లవణ సాంద్రత, సేంద్రియ కర్బనం. సీసం లేదు, కాడ్మియం లేదు, క్రోమియం లేదు, ఆర్సెనిక్ లేదు. నక్కవాగు పక్క రైతుకు కూడా కార్డులో కనిపించేది ఈ 12 అంశాలే. రెండోది కలుషిత స్థలం నివేదిక. అందులో ప్రధానంగా చూసేది విషాల మోతాదు. ఒక కాగితం వ్యవసాయ శాఖది, ఇంకోటి కాలుష్య నియంత్రణ మండలిది. ఒకే పొలం గురించి రాసిన ఈ రెండూ ఎక్కడా ఒక బల్ల మీదికి రావు. రసాయన శుద్ధి జరిగిన ప్రతి పొలంలోనూ మందు దిగకముందు ఒకసారి, దిగాక ఒకసారి, తర్వాత కనీసం రెండు మూడు పంటల పాటు ఈ రెండు పరీక్షలూ కలిపి చేయాలి. నీరు ఇంకే వేగం, గ్లాసులో పెళ్ల తీరు, మిగిలిపోయిన క్లోరైడో ఈడీటీఏనో ఎంత, కింది పొరలోకి, బోరులోకి ఏం దిగింది అన్నవి వాటికి చేర్చాలి. పీహెచ్, సేంద్రియ కర్బనం పాత స్థాయికి చేరేదాకా కాంట్రాక్టరుకు చివరి బిల్లు చెల్లించకూడదు. సున్నం, కంపోస్టు, పచ్చిరొట్ట విత్తనం ఖర్చు శుద్ధి ఖర్చులో భాగమే, రైతు నెత్తిన పడేది కాదు.

ఇది అయ్యే పనేనా అని అడిగేవాళ్లకు కమియోకా గని దగ్గరే జవాబుంది. 1972లో కోర్టులో గెలిచాక జింజు లోయ బాధితులు నష్టపరిహారంతో సరిపెట్టుకోలేదు. నేలను బాగుచేయిస్తామన్న హామీ రాతపూర్వకంగా తీసుకున్నారు. తాము ఎప్పుడు అడిగినా, తమ వెంట తీసుకొచ్చిన నిపుణులతో సహా, గని లోపలికి రానిచ్చి చూపించాలని, ఖర్చు కంపెనీయే పెట్టుకోవాలని ఒప్పందం రాయించుకున్నారు. ఆ ఏడాది నుంచి ఏటా రైతులు, శాస్త్రవేత్తలు, లాయర్లు కలిసి గనిలోకి వెళ్తున్నారు. మురుగు గొట్టాలు చూస్తారు, నీటి నమూనాలు తీస్తారు, లెక్కలు అడుగుతారు. జింజు నదిలో కాడ్మియం ఇప్పుడు సహజంగా ఉండే స్థాయికి తగ్గింది. పొలాల పని 2012లో ముగిసింది, కంపెనీతో చివరి ఒప్పందం 2013లో కుదిరింది. ఆ తర్వాత కూడా తనిఖీలు ఆపలేదు.